మూడో చాట

జల్లెడ ఒకసారి ఆపితే చేతులు మళ్ళీ లేవవని రాచమ్మకు తెలుసు. అందుకే హన్మమ్మ వచ్చి ఎదురుగా నిలబడినా ఆపలేదు. పొద్దున ఏడింటికి కూర్చుంది. ఇప్పుడు పన్నెండు దాటుతోంది, ఇది ఆరో బస్తా. సాయంత్రానికి పది బస్తాల కందులు మట్టిబెడ్డ లేకుండా జల్లించి ఇస్తే మూడు వందల యాభై రూపాయలు. తొమ్మిదైతే మూడు వందలే. దుమ్ము ముక్కులో, కళ్ళలో, రవిక మెడలో. గాంధీ గంజ్ ధాన్యం మార్కెట్‌లో కందులు దిగే రోజుల్లో ఆడవాళ్ళంతా ఒకే రంగులో ఉంటారు.

"రాచమ్మక్కా" అంది హన్మమ్మ.

రాచమ్మ జల్లెడ ఊపుతూనే ఉంది.

"జర నా మొఖం జూడక్కా."

ఆ మొఖం చూడకూడదని రాచమ్మ పదకొండు నెలల కింద ఒట్టు పెట్టుకుంది. ఇద్దరిదీ ఒకే గల్లీ. నల్లా దగ్గర ఒకరి బిందె వెనకే ఇంకొకరి బిందె. అయినా మాట్లాడుకోలేదు. హన్మమ్మ మొగుడు ఖండప్ప శివరాజ్ సావుకారి దుకాణంలో హమాలీలకు ముకద్దం. ఎవరు ఏ లారీ ఎక్కాలో, ఎవరు ఏ గోదాం సర్దాలో చెప్పే పెద్ద. ఆ పెద్దరికంతోనే తన కొంపకు నిప్పు పెట్టాడని రాచమ్మ లోకమంతా వినేలా తిట్టిన రోజులున్నాయి.

నిన్న సాయంత్రం ఆ ఖండప్ప మీద గోదాంలో కంది బస్తాల థప్పి కూలింది. బస్తాలను ఒకదాని మీద ఒకటి వరసలుగా పేర్చిన గోడను ఇక్కడ థప్పి అంటారు. యాభై కిలోల బస్తాలు ఎన్ని పడ్డాయో ఎవరూ లెక్క పెట్టలేదు. తీసేసరికి ఎడమ కాలు మోకాలి కింద నుజ్జయి ఉంది.

"డాక్టరు జెప్పిండక్కా" హన్మమ్మ నేల మీద చతికిలబడింది. "మోకాలి ఎనుక రక్తం పోయే నరం నలిగిందట. పాదానికి సన్నగ పోతాంది గని చాలదట. అది కుట్టాలంటే హైదరాబాదే పోవాలెనట. ఈ పొద్దుగూకే లోపల బయలెల్లితే కాలుంటదేమో. లేకుంటే తొడకాడికి తీసేస్తరట."

"నీ తాన బీదోళ్ళ దవఖాన కార్డున్నది గదా."

"గా కార్డు మన కర్ణాటకది. ఆ దవఖానల అది నడువదట. ముందుగాల లక్ష కడితెనే లోపలికి తీస్కుంటమన్నరు."

బీదర్ నుంచి హైదరాబాద్ మూడు గంటల దారి. మన్నాఏఖేళ్ళి దాటి ఇంకాస్త పోతే రాష్ట్రం మారుతుంది. రాష్ట్రం మారాక పేదవాడి కార్డు అట్టముక్క. హన్మమ్మ అన్న సంతపూర్‌లో రెండు మేకలూ ఒక గేదె పడ్డా అమ్మి ఇరవై ఐదు వేలతో బస్సెక్కాడట. ఖండప్పను హైదరాబాద్ తీసుకుపోయే వ్యాన్ వాడు ఐదింటిదాకా ఆగుతానన్నాడట. మిగతా డబ్బుకు దారి ఒక్కటే. ఈ రోజు ధర్మం రోజు.

శివరాజ్ సావుకారి దుకాణం మీద బతికే హమాలీలు, జల్లెడ పట్టే ఆడవాళ్ళు కలిసి ముప్పై నాలుగు మంది. సాయంత్రం ఇంటికి పోయేముందు ఒక్కొక్కరూ తమకు దక్కిన రాలుడు గింజల్లోంచి ఒక దోసెడు తీసి, దుకాణం వెనక ఉన్న ధర్మం గోనెలో పోయాలి. కందులొస్తే కందులు, సోయా వస్తే సోయా. ఇంట్లో పొయ్యి వెలగని రోజు కూడా ఆ దోసెడు తప్పదు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, నిజాం కాలం నుంచీ ఉందంటారు. ఏడాదికోసారి, చలికాలంలో వచ్చే ఎళ్ళ అమావాస్య దాటిన మూడో రోజున ఆ గింజలు అమ్మి, వచ్చినదంతా ఒకే చోట ధర్మం చేస్తారు. చిల్లరగా పంచితే ఎవరి ఆకలీ తీరదని పాతవాళ్ళు పెట్టిన పద్ధతి. ఎవరికి ఇవ్వాలో చాటలు తేలుస్తాయి. ఒక్కో అర్జీకి ఒక్కో చాట పెడతారు. అందరూ వరసగా వచ్చి, పిడికెడు కందులు తమకు నచ్చిన చాటలో పోస్తారు. ఏ చాటలో కుప్ప పెద్దదైతే ధర్మమంతా దానికే. ఈసారి అది ఎనభై వేలు దాటింది.

గుడికో, గోశాలకో, జాతరలో అన్నదానానికో అయితే చాట పెట్టడానికి ఎవరి మాటా అక్కర్లేదు. వాళ్ళకు అచ్చేసిన రసీదు పుస్తకాలుంటాయి. మనిషికి పెట్టాలంటే మాత్రం పూచీ కావాలి. ఆరేళ్ళ కింద ఒక హమాలీ, బిడ్డకు ఆపరేషనని చెప్పి ధర్మం తీసుకున్నాడు. సగం తాగి, మిగతా సగంతో షోలాపూర్ పారిపోయాడు. బిడ్డ బతకలేదు. అప్పుడు ఖండప్పే ఈ షరతు తెచ్చాడు. పూచీ పడేవాళ్ళు ధర్మం గోనెలో చెయ్యి పెట్టి, ఆ మనిషి ఆపద వేళ తాగి లేడని అందరి ముందూ చెప్పాలి. ధర్మం తగినవాళ్ళకే పోవాలి కదా, అందరూ శభాష్ అన్నారు. రాచమ్మ కూడా అంది. గింజల్లో చెయ్యి పెట్టి అబద్ధం ఆడే ధైర్యం గంజ్‌లో ఎవరికీ లేదు. ఆడితే ఆ చేతికి మళ్ళీ తిండి అందదని అక్కడివాళ్ళ నమ్మకం.

"నువ్వు పూచీ వడాలక్కా" అంది హన్మమ్మ. "మొగోళ్ళు ఎవ్వరు ముందుకొస్తలేరు. సావుకారి మొఖం జూస్తుండ్రు. తొమ్మిదేండ్ల సంది ఒక్కనాడు దోసెడు తప్పనిదానివి. నీ మాట ఎవ్వరు తీసెయ్యరు."

రాచమ్మ చేతులు ఆగిపోయాయి. జల్లెడ ఒడిలో పెట్టుకుని మొదటిసారి ఆ మొఖం చూసింది. ఒక్క రోజులో పదేళ్ళు మీదపడ్డట్టుంది. చూసి జాలిపడలేదు. నిజం చెప్పాలంటే సంతోషమే కలిగింది.

"నన్నెట్ల అడుగుతున్నవే నువ్వు?" అంది. "ఏ నోరు వెట్టుకోని అడుగుతున్నవ్?"

హన్మమ్మ తల దించుకుంది. ఆ నోరు ఎందుకు లేవదో ఇద్దరికీ తెలుసు.

రెండేళ్ళ కింద రాచమ్మ మొగుడు గాలయ్య లారీ మీది పలక జారి, వీపు మీద బస్తాతో సహా వెల్లకిలా పడ్డాడు. నడుం విరిగింది. ఇంట్లో పడుకుంటే లేవలేదు. ఆ ఏడు ధర్మం రోజున రాచమ్మ తన మొగుడికి తనే పూచీ నిలబడింది. గోనెలో మోచేతిదాకా చెయ్యి పెట్టింది. ఖండప్ప అడిగాడు: "పడ్డనాడు గాలయ్య తాగిండా, లేదా?"

లేదు అంటే అయిపోయేది. ఆ గుంపులో కాదనేవాళ్ళు లేరు. కానీ ఆమె చెయ్యి గింజల్లో ఉంది. "నడుం నొస్తాందని పొద్దుగాల జరంత తాగిండు" అంది. నిజం చెప్పిన మనిషికి న్యాయం జరుగుతుందని ఆమె అనుకుంది. అంత పిచ్చిది.

"ఇగ నేనేం జెయ్యాలె వదినే, నియ్యత్ నియ్యతే" అని, నీతికి మినహాయింపు లేదన్నట్టు, ఖండప్ప ఖాళీ చాట తీసి పక్కన పెట్టాడు. ఆ ఏటి ధర్మం జాతరలో అన్నదానానికి పోయింది. ఏడాదికి పైగా గాలయ్య మంచంలో ఉన్నాడు. వీపు మీద పుండ్లు పడ్డాయి. గది బయటికి కూడా వాసన వచ్చేది. ఇప్పుడు పదో తరగతిలో ఉన్న కూతురు శ్రద్ధ ముక్కుకు గుడ్డ కట్టుకుని నాయన వీపు కడిగేది. పదకొండు నెలల కింద పోయాడు. ఆ మధ్యలో ఒకనాడు, ఇంట్లో ఏమీ లేక, రాచమ్మ బిడ్డను తీసుకుని జాతరకు నడిచి, ఆ అన్నదానం పందిట్లోనే కూర్చుని తిన్నది. ఆ అన్నం రుచిగానే ఉంది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు తన మీదే అసహ్యం వేస్తుంది.

"తాగిండా?" అని అడిగింది రాచమ్మ.

"ఎవరక్కా?"

"ఎవరంటవేందే. నీ మొగడు. నిన్న తాగిండా, లేదా?"

హన్మమ్మ జల్లెడ అంచు పట్టుకుంది. "నువ్వే ఆడ ఉంటివి గదా."

అవును, అక్కడే ఉంది. గోదాం గుమ్మం పక్కనే జల్లెడ పడుతోంది. మూడింటికి ఖండప్ప ఎనభై రూపాయల మందు ప్యాకెట్ పళ్ళతో కొరికి తాగడం చూసింది. కొత్తగా చూసిందేమీ లేదు. రోజుకు నూట యాభై బస్తాలు ఎత్తే మనిషి మధ్యాహ్నం దాటాక ఆ మందు లేకపోతే వంగినవాడు లేవలేడు. అందరూ తాగుతారు. తాగని హమాలీ ఉంటే వాడు చేరి నెల దాటలేదని అర్థం. ఆమె ఇంకోటి కూడా చూసింది. పన్నెండు వరసలు దాటితే థప్పి నిలవదని గంజ్‌లో పిల్లలకు కూడా తెలుసు. సావుకారి కందుల ధర పెరిగేదాకా అమ్మనని సరుకంతా ఒకే గోదాంలో కుక్కించాడు. "ఇంకో గోదాం కిరాయి నువ్వు కడతవా?" అని ఖండప్పను అందరి ముందూ కసిరాడు. నిన్న ఆ థప్పి పద్దెనిమిది వరసలుంది.

"పో" అంది రాచమ్మ. "నాకు ఇంక నాలుగు బస్తాలున్నయి."

హన్మమ్మ కాళ్ళు పట్టుకోబోయింది. రాచమ్మ కాళ్ళు వెనక్కి లాక్కుంది. హన్మమ్మ లేచి దవఖాన వైపు నడిచింది. ఆమె చెప్పులు రెండూ రెండు జతలవి. తొందరలో చూసుకోలేదు కాబోలు.

పోయిందే మేలు అనుకుంది రాచమ్మ. కాలు పోనీ. మంచంలో పడి ఉండనీ. వీపు మీద పుండ్లు పడనీ, అప్పుడు తెలుస్తుంది నియ్యత్ అంటే ఏమిటో. ఇట్లా అనుకుంటూ జల్లెడ ఊపింది. అనుకున్నకొద్దీ కడుపులో చల్లబడాలి కదా, చల్లబడలేదు. పుండ్లు అనగానే ముక్కుకు ఆ వాసన తగిలింది. ఆ వీపును కడిగేది ఖండప్ప కాదు, హన్మమ్మ. ఆ ఆలోచన రాకుంటే బాగుండేదని ఆమె నిజంగానే అనుకుంది.

రెండింటికి అంబాదాస్ వచ్చాడు. గాలయ్యకు జోడీగా పదేళ్ళు బస్తాలు మోసినవాడు. బీడీ వెలిగించి, పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"హన్మమ్మ వచ్చి పోయిందట గదా వదినే."

"వచ్చింది."

"పూచీ వడతవా?"

"నువ్వెందుకు వడవు? నీ ముకద్దమే గదా."

అంబాదాస్ బీడీ చివర చూసుకున్నాడు. "సావుకారి పొద్దుగాల పిలిచిండు. ఖండప్ప ఇగ లేవడు, నువ్వే చూస్కో అన్నడు." "నాకు ముగ్గురు పిల్లలు వదినే" అన్నాడు.

"నేనేమన్న అన్ననా?"

"అనలేదు. ఒక్క మాట చెప్తా, ఇను. తాగలేదని చెప్పకు. దవఖాన చీటి మీద వాసనొస్తుందని రాసి ఉన్నది. దాని ఫోటో సావుకారి ఫోన్‌ల ఉన్నది. తాగి పడ్డడని పదిమందిల తేలాలె ఆయనకు. తేలితే థప్పి సంగతి ఎవ్వరడుగుతరు? నష్టం కట్టియ్యుమని ఎవ్వరడుగుతరు? నువ్వు లేదన్నవో, చీటి తీస్తడు. నీ ఇజ్జత్ పోతది, ఆని ధర్మం పోతది."

"తాగిండని చెప్తే?"

"అప్పుడు గూడ పోతది."

"మరి థప్పి పద్దెనిమిది వరసలు పేర్చిందెవరు?"

పేర్చినవాళ్ళలో అంబాదాస్ కూడా ఉన్నాడు. పైవరస బస్తా తన చేతులతోనే ఎక్కించాడు. బీడీ ఆర్పి, చెవి మీద పెట్టుకుని లేచిపోయాడు.

నాలుగింటికి దుకాణం ముందు అరుగు కడిగారు. ధర్మం గోనెలన్నీ అప్పటికే అమ్ముడుపోయాయి. పూచీ కోసం, పిడికిళ్ళ కోసం ఒక్క కంది గోనె ఉంచారు. అంబాదాస్ రెండు చాటలు తెచ్చి పెట్టాడు. ఒకటి గోశాలలో షెడ్డుకు, రెండోది జాతర అన్నదానానికి. ముప్పై రెండు మంది కింద నిలబడ్డారు. ముప్పై మూడో మనిషి దవఖానలో ఉన్నాడు. ముప్పై నాలుగో మనిషి రాచమ్మ. ఎనిమిదో బస్తా సగంలో వదిలి వచ్చి చివర నిలబడింది. హన్మమ్మ దుకాణం స్తంభాన్ని పట్టుకుని ఉంది. ఆమె వాళ్ళలో మనిషి కాదు, అడిగే హక్కు లేదు, నిలబడే హక్కు మాత్రం ఉంది.

శివరాజ్ సావుకారి గద్దె దిగి వచ్చాడు. మనిషి చెడ్డగా మాట్లాడడు. గొంతు ఎప్పుడూ మెత్తగా ఉంటుంది.

"నోడ్రీ, జూడుండ్రి, ఖండప్పకు అట్ల అయినందుకు నాకు గూడ బాధనే ఉన్నది. నిన్ననే ఐదు వేలు పంపిన" అన్నాడు. "ధర్మం మీది. నేను నడుమ రాను. గని ఒక్క మాట చెప్త. గోశాలకు మీరెంత ఇస్తే అంత నేను కలుపుత. షెడ్డు ముంగట నల్లరాయి పెట్టి, మీ ముప్పై నాలుగు పేర్లు చెక్కిపిస్త. మీ మనుమలు గూడ వచ్చి చూస్కోవాలె."

గుంపులో కదలిక వచ్చింది. ఊళ్ళో ఏ రాయి మీదా వాళ్ళ పేరు లేదు. రేషను కార్డు మీద ఉన్న పేరు కూడా ఒక్కోసారి తప్పే. రాయి మీద పేరంటే మాటలా? ఇద్దరు ముగ్గురు అప్పుడే మొదటి చాట వైపు చూశారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు.

"ఇంకెవరన్న అర్జీ ఉన్నదా?" అన్నాడు అంబాదాస్, ఎవరి వైపూ చూడకుండా.

హన్మమ్మ స్తంభానికి తల ఆనించింది. ఎవరూ పలకలేదు.

రాచమ్మ పలకకూడదనే వచ్చింది. తన పిడికెడు అన్నదానం చాటలో పోసి, మిగిలిన రెండున్నర బస్తాలు జల్లించుకుందామనుకుంది. కానీ ఆ నిశ్శబ్దం ఆమెకు తెలుసు. ఆ ఏడు తను గోనెలో చెయ్యి పెట్టి నిలబడ్డప్పుడు కూడా ఇట్లాగే ఉంది. ఇదే ముప్పై మంది. ఒక్కడు నోరు విప్పినా గాలయ్య బతికేవాడేమో. ఇప్పుడు ఆ నోరు విప్పనివాళ్ళలో తానూ ఒకతె.

"ఉన్నది" అంది. "మూడో చాట వెట్టు."

"ఎవరికి?"

"ఖండప్పకు."

గుంపు మొత్తం వెనక్కి తిరిగింది. హన్మమ్మ తలెత్తింది. సావుకారి మొఖంలో చిరునవ్వు చెదరలేదు.

"పూచీ?" అన్నాడు.

"నేను."

"నువ్వా? మంచిది. రా. రివాజు రివాజే గదా. గింజల చెయ్యి వెట్టు."

రాచమ్మ అరుగెక్కింది. మోచేతిదాకా కందుల్లోకి చెయ్యి దింపింది. లోపల చల్లగా ఉంది. సావుకారి జేబులోంచి ఫోన్ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"చెప్పు రాచమ్మా. థప్పి పడ్డప్పుడు ఖండప్ప తాగి ఉన్నడా, లేడా?"

లేడు అంటే చీటి తీస్తాడు. ఉన్నాడు అంటే చాట తీస్తాడు. ఈ ప్రశ్నకు నిజం చెప్పి బతికించే జవాబు లేదు, ఆనాడూ లేదు. గాలయ్యను చంపింది తను చెప్పిన నిజం కాదు, ఈ ప్రశ్నేనని ఆమెకు ఇప్పుడు అర్థమైంది. రెండేళ్ళుగా గుండెలో మోస్తున్న రాయి అది.

"చెప్ప" అంది.

"ఏంది?"

"గా మాట నేను చెప్ప మాలిక్. ఒకపారి చెప్పి మొగుణ్ణి పోగొట్టుకున్న. ఇగ చెప్ప." చెయ్యి గింజల్లోంచి తియ్యలేదు. "తాగిండా అని మనిషినే అడుగుతరేంది? గోశాల చాట పెట్టేటప్పుడు ఎవరన్న ఏమన్న అడిగిండ్రా? అడగొద్దు. ఆకలైన నోటికి పెట్టేటప్పుడు ఎవ్వరు ఏం అడగొద్దు. మరి మా కాడికొచ్చేసరికి నోరు వాసన జూస్తరేంది? ఈడ నిలవడ్డోళ్ళల్ల నిన్న తాగనోడు ఎవడన్న ఉంటే ముందుకు రమ్మను. తాగకుంటే నీ లారీ నిండదు మాలిక్. నింపినంతసేపు నీకు వాసన రాదు. పడ్డంక వస్తది."

"రాచమ్మా, మాట జాగ్రత్త."

"అడుగుతే ఇంకోటి అడుగు. థప్పి ఎన్ని వరసలుండెనో అడుగు. గింజల చెయ్యి వెట్టి చెప్త. పద్దెనిమిది. పద్దెనిమిది వరసలు. పేర్చినోళ్ళు ఈడనే ఉన్నరు."

సావుకారి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. గొంతు ఇంకా మెత్తగా చేసుకున్నాడు.

"పూచీ చెప్పలేదు గనుక మూడో చాట లేదు. ఖండప్ప తెచ్చిన షరతే ఇది, నాది గాదు. అంబాదాస్, కానియ్."

అదీ నిజమే. ఖండప్ప తెచ్చిందే. రాచమ్మ స్తంభం వైపు చూసింది.

"హన్మమ్మా, నీ మొగుని మీద కోపం నాకు పోలేదు. పోదు గూడ" అంది. "ఆడు లేచి నడిచినంక ఆని మొఖం మీదనే అడుగుత. అడుగనీకన్న ఆడు నిలవడాలె."

గోనెలోంచి చెయ్యి పైకి తీసింది. పిడికిలి నిండా కందులున్నాయి. రెండు చాటల పక్కన, మూడోది ఉండవలసిన చోట, తడి ఆరని బండ మీద వాటిని పోసింది. చిన్న కుప్ప. కొన్ని గింజలు దొర్లి అరుగు కిందికి పడ్డాయి.

"అది లెక్క గాదు" అన్నాడు సావుకారి. "చాటల వడ్డదే లెక్క."

గుంపులోంచి అంబమ్మ వచ్చింది. అందరికన్నా పాత మనిషి, అరవై దాటినా ఇంకా జల్లెడ పడుతోంది. మోకాళ్ళ మీద చేతులు ఊనుకుంటూ అరుగెక్కి, గోనెలోంచి పిడికెడు తీసి, ఆ బండ మీదే పోసింది. ఆమె కొడుకు కూడా ఈ గంజ్‌లోనే నడుం పోయి ఇంట్లో పడి ఉన్నాడు. వాడికి చాట అడగాలని కూడా ఆమెకు ఎప్పుడూ తోచలేదు.

తర్వాత ఒక హమాలీ వచ్చాడు. పిడికిలి నింపుకున్నాడు. మొదటి చాట చూశాడు, బండ మీది కుప్ప చూశాడు, సావుకారిని చూశాడు. పోయకుండా అలాగే పక్కకు జరిగి నిలబడ్డాడు. వాడి వెనక ఇంకొకడు, వాడి వెనక మరొకడు. గోనెలోంచి పిడికెడు తీసుకుని, ఏ చాటలోనూ పోయకుండా, కింద బండ మీద పోసే ధైర్యమూ లేక, అరుగు మీద ఒక్కొక్కరూ వరసగా నిలబడుతున్నారు. అంబాదాస్ చెయ్యి గోనెలో ఉండిపోయింది.

గంజ్ గేటు దగ్గర, ఐదింటిదాకా ఆగుతానన్న వ్యాన్ హారన్ మోగింది. హన్మమ్మ స్తంభం వదిలి రెండడుగులు వేసి ఆగింది. ఎటు పోవాలో ఆమెకు తెలియలేదు.

సావుకారి నవ్వు పోయింది. "రాచమ్మా" అన్నాడు, ఈసారి మెత్తగా కాదు. "రేపు నీకు ఈ దుకాణంల పని కావాల్నా, వద్దా? కావాల్నంటే కింద పోసింది ఎత్తి ఆ చాటల పొయ్యి."

రాచమ్మకు శ్రద్ధ పరీక్ష ఫీజు గుర్తొచ్చింది. రేపటి మూడు వందల యాభై గుర్తొచ్చింది. బండ మీద, ఆ కుప్ప పక్కనే కూర్చుంది. ఎత్తడానికే వంగిందని అందరూ అనుకున్నారు. ఆమె కుప్ప చుట్టూ దొర్లిన గింజలను అరచేతితో దగ్గరికి జరిపి, చేతులు ఒడిలో పెట్టుకుంది.

"ఎత్తను" అంది.

హారన్ మళ్ళీ మోగింది. అరుగు మీద, ఖాళీగా ఉన్న రెండు చాటల ముందు, పదిహేను మందో ఇరవై మందో, పిడికిళ్ళు మూసుకుని నిలబడే ఉన్నారు.